శిలానిర్మాణం – వాయుపీడనంతో బండను భేదించే విధానం

నా బాల్యంలో మా తాతగారి పొలంలో ఒక బావి త్రవ్వించారు. ఏడెనిమిది గజాల లోతువరకు మట్టి, దాని క్రింద మొరం, ఆ క్రింద బండ తగిలింది. బండ తగిలిన నాడు పనివారు పారలు ప్రక్కన పెట్టి, రాతిపనిలో తల నెరసిన ఒక వడ్డెర పెద్దను పిలుచుకొని వచ్చారు. ఆయన వచ్చీరాగానే ఉలి పట్టలేదు. బండను శుభ్రంగా ఊడ్పించి, రెండు కడవల నీళ్ళు దానిమీద పోయించి, గట్టున కూర్చున్నాడు. ఎండకు బండ పైభాగమంతా ఆరిపోయిన తరువాత కూడ కొన్ని గీతలు మాత్రం తడిగా, నల్లగా మిగిలిపోయాయి. అప్పుడు ఆయన లోనికి దిగి, సుత్తెతో అక్కడక్కడ తట్టి, చెవి యొగ్గి విని, రెండు చోట్ల సున్నంతో గురుతులు పెట్టాడు. "సాబూ, ఆ నెర్ర మీద బెజ్జం పెడితే మందంత నెర్రకెంచి పోతది. ఈడ పెడితే బండ ఇస్తది" అని మా తాతగారితో అన్నాడు. ఆయన చెప్పినట్లే జరిగింది.

అదే వేసవిలో మరొక బావి వద్ద తొందరపడిన పనివారు ఈ పరీక్ష చేయలేదు. బెజ్జం సరిగా నెర్రమీద పడింది. మందు అంటుకొన్నప్పుడు పెద్ద చప్పుడు వచ్చింది గాని బండ కదలలేదు. నెర్రగుండా ఎగదన్నిన వాయువు ఒక రాతిముక్కను విసిరివేసింది. దూరంగా నిలబడి చూస్తున్న ఒక యువకుడు కన్ను కోల్పోయాడు.

ఈ రెండు బావుల కథలో ఉన్న శాస్త్రమే ఈ వ్యాసానికి విషయం. నేను భాషాసాహిత్యాలు బోధించేవాడను. అయినను మన విద్యార్థులలో అనేకుల తండ్రులు, అన్నలు బోరుబావుల మీద, రాతి క్వారీలలో, కట్టడాల పునాదులలో పనిచేస్తున్నవారే. వారి జీవితాలతో ముడివడి ఉన్న ఒక శాస్త్రవిషయాన్ని మన భాషలో చెప్పుకొనుట అవసరమని భావించి ఈ ప్రయత్నం చేస్తున్నాను.

వాయుపీడన విధానం ఎట్లు పుట్టినది?

బండను పగులగొట్టడానికి మానవుడు మొదట వాడినవి నిప్పు, మేకు, సమ్మెట. బండమీద మంట పెట్టి వేడిచేస్తే పైపొర వ్యాకోచించి అడుగుపొర నుండి విడివడుతుంది. మన ప్రాంతపు రాతిపనివారు ఈ పద్ధతిని నిన్న మొన్నటి దాక ఎరుగుదురు. యూరపు గనులలో 1627లో నేటి స్లొవేకియా దేశానికి చెందిన షెమ్నిట్జ్ పట్టణం వద్ద తుపాకిమందును వాడినట్లు దాఖలా ఉన్నది. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ డైనమైట్‌కు 1867లో పేటెంటు పొందాడు. అప్పటినుండి ప్రేలుడు పదార్థాలదే రాజ్యమైనది.

బొగ్గు గనులలో మాత్రం ప్రేలుడు పదార్థం ప్రాణాంతకమైన సమస్య తెచ్చిపెట్టినది. అక్కడ గాలిలో మీథేన్ వాయువు, సన్నని బొగ్గుధూళి ఉంటాయి. ఒక్క నిప్పురవ్వ చాలు. 1906 మార్చి 10వ తేదీన ఫ్రాన్సు దేశంలోని కూరియేర్ గనిలో బొగ్గుధూళి అంటుకొని 1,099 మంది మరణించారు. ఇటువంటి దుర్ఘటనల తరువాత మంట లేకుండ బొగ్గును విరిచే మార్గాల కొరకు అన్వేషణ సాగినది. దాని ఫలితమే 1930ల దశకంలో అమెరికా, బ్రిటన్ గనులలో వాడుకలోనికి వచ్చిన కార్డాక్స్ గొట్టం. అందులో మందు స్థానంలో ద్రవరూపమైన కార్బన్ డయాక్సైడ్, అనగా మన పాత పాఠ్యపుస్తకాలలోని బొగ్గుపులుసు వాయువు, నింపుతారు. మంటను ఆర్పే వాయువే బొగ్గును విరిచే పనికి వచ్చినది. ఎయిర్‌డాక్స్ అనే మరొక పద్ధతిలో సాధారణ వాతావరణ పీడనానికి దాదాపు 700 రెట్లు బిగించిన గాలినే వాడారు. ఇటీవలి దశాబ్దాలలో చైనా దేశంలో కార్బన్ డయాక్సైడ్ పద్ధతి గనులను దాటి, సొరంగాలకు, పట్టణాలలో పునాది గుంటలకు కూడ విస్తరించినది.

గొట్టం నిర్మాణం సులభంగానే అర్థమవుతుంది. మందపాటి ఉక్కు గొట్టం. ఒక కొనయందు విద్యుత్తుతో రగిలే చిన్న ఉష్ణ సాధనం. రెండవ కొనయందు నిర్ణీత పీడనం వద్ద చినిగిపోయే లోహపు బిళ్ళ. బిళ్ళకు ఆవల వాయువు వెలువడే రంధ్రాలు. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీల సెంటిగ్రేడుకు పైన ఎంత అదిమినను ద్రవంగా నిలువదు. లోపలి సాధనం రగిలిన కొద్ది క్షణాంశలలో ద్రవం ఆ హద్దును దాటి, పీడనం పెరిగి, బిళ్ళను చీల్చుకొని వెలికి వస్తుంది. బిళ్ళ మందాన్ని బట్టి ఆ పీడనం ఇంచుమించు 100 నుండి 300 మెగాపాస్కళ్ళ వరకు ఉంటుంది. ఒక మెగాపాస్కల్ అనగా సుమారు 10 వాతావరణ పీడనాలు. ఒక కిలో ద్రవం బయటి గాలిలో 500 లీటర్లకు మించిన వాయువుగా మారుతుంది.

వాయువు బండను ఎట్లు విరుస్తుంది?

శిలకు ఒక విచిత్ర స్వభావం ఉన్నది. దానిని అదిమి నలుగగొట్టుట కష్టం; లాగి తెంపుట సులభం. మంచి గ్రానైటు 100 నుండి 250 మెగాపాస్కళ్ళ ఒత్తిడికి గాని నలుగదు. కాని అదే గ్రానైటును రెండు వైపుల నుండి లాగగలిగితే 10 మెగాపాస్కళ్ళకు అటు ఇటుగా తెగిపోతుంది. రాతిని విరిచే ప్రతి పద్ధతి ఈ బలహీనతనే వెదుకుతుంది. రాతిపనివాడు వరుసగా మేకులు దిగగొట్టేది కూడ రాతిని ఇరుప్రక్కలకు లాగడానికే.

బెజ్జంలో వాయువు బయటికి త్రోసినప్పుడు బెజ్జం గోడ చుట్టు కొలత పెరగవలసి వస్తుంది. పీపాలో నీరు ఉబ్బితే దానికి బిగించిన ఇనుప పట్టె తెగినట్లుగా, గోడలోని రాయి చుట్టువారగా లాగబడుతుంది. అంచులకు దూరంగా ఉన్న బెజ్జంలో ఈ లాగుడు ఇంచుమించు లోపలి వాయుపీడనమంత ఉంటుందని గణితం చెబుతుంది. 10 మెగాపాస్కళ్ళకు తెగే రాతిని 150 మెగాపాస్కళ్ళు లాగితే పగులు పుట్టుట తథ్యం. పుట్టిన పగులులోనికి వాయువు చొరబడి, మేకు వలె దానిని ఇంకను పొడిగిస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన భేదాన్ని విద్యార్థులు గుర్తించవలెను. డైనమైట్ వంటి ప్రేలుడు పదార్థం సెకనుకు కొన్ని కిలోమీటర్ల వేగంతో ప్రేలుతుంది. అది రెండు పనులు చేస్తుంది. మొదట వేల మెగాపాస్కళ్ళ అఘాతంతో బెజ్జం చుట్టు ఉన్న రాతిని పిండిచేసి, నలుదిక్కులకు పగుళ్ళను తానే సృష్టిస్తుంది. ఆ వెనుక వచ్చే వాయువులు ఆ పగుళ్ళను తెరుస్తాయి. కార్బన్ డయాక్సైడ్ గొట్టంలో మొదటి పని స్వల్పం, రెండవదే ప్రధానం. అఘాతం తక్కువ కనుక అదురు తక్కువ, దుమ్ము తక్కువ, మంట లేదు. అవి దాని గుణాలు. కాని ఆ గుణంతోపాటే ఒక పరాధీనత కూడ వచ్చినది. ప్రేలుడు పదార్థం బండ స్వభావాన్ని కొంతవరకు లెక్కచేయక తన దారి తాను చేసికొంటుంది. వాయువు మాత్రం బండలో అంతకుముందే ఉన్న దారిని వెదుకుకొంటుంది. కనుక ఈ విధానంలో జయాపజయాలను నిర్ణయించేది గొట్టం శక్తికంటె శిల నిర్మాణమే అనుటలో అతిశయోక్తి లేదు.

దీనికి తోడు, గొట్టంలోని వాయువు పరిమితమైనది. అది ఆక్రమించే చోటు రెట్టింపయితే పీడనం ఇంచుమించు సగానికి పడిపోతుంది. బాయిల్ నియమం చదివిన ఇంటర్మీడియెట్ విద్యార్థికి ఇది తెలిసినదే. బెజ్జం ప్రక్కనే ఒక బోలు నెర్ర ఉంటే ఏమగునో ఇక వేరుగా చెప్పనవసరం లేదు.

శిలానిర్మాణం అనగానేమి?

బండ దూరానికి ఒకే ముద్దగా కనిపించినను దానిలో అనేక విభజనలుంటాయి. మట్టి, ఇసుక, సున్నం నీటి అడుగున పేరుకొని గట్టిపడిన అవక్షేపశిలలలో పొరలుంటాయి. భూమిలోపలి వేడికి, ఒత్తిడికి మారిన రూపాంతర శిలలలో ఖనిజాలు ఒకే వైపునకు బారులు తీరి, ఆకులు పేర్చినట్లు పత్రకీకరణం ఏర్పడుతుంది. ఏ శిలలోనైనను చల్లారునపుడో, పైబరువు తొలగినపుడో పగుళ్ళు ఏర్పడతాయి. రెండు ప్రక్కల రాయి జరుగకుండ ఉన్న పగులును సంధి అంటారు. జరిగితే అది భ్రంశం. వ్యాకరణంలో సంధి రెండు పదాలను కలుపుతుంది. శిలలో సంధి రెండు దిమ్మెలు విడిపోయే చోటు. విద్యార్థులు ఈ భేదాన్ని గుర్తుంచుకొందురుగాక.

ఏ ఏ శిలలో వాయువు ఎట్లు ప్రవర్తిస్తుందో ఇప్పుడు పరిశీలింతము.

1. ఏకఖండమైన శిల

హైదరాబాదు పరిసరాలలోని గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. మౌలాలి గుట్ట, గోలకొండ కొండ దీనితో ఏర్పడినవే. నెర్రలు లేని చోట ఈ శిల వాయువును బయటికి పోనీయదు, పీడనం నిలుస్తుంది. కాని పగులు ఏ దిక్కుకు పోవలెనో చెప్పేది కూడ ఏదీ ఉండదు. అందుచేత ఇటువంటి బండలో ఒక ప్రక్క ఖాళీ ముఖం తప్పనిసరి. నాలుగు వైపుల రాతితో బిగించబడిన బెజ్జంలో వాయువు ఎంత త్రోసినను రాయి జరుగడానికి చోటుండదు. పగుళ్ళు కొద్దిదూరం పోయి ఆగిపోతాయి. బెజ్జాలను ఖాళీ ముఖానికి సమాంతరంగా, దగ్గర దగ్గరగా వేసి, ఒకేసారి రగిలిస్తే పగులు ఒక బెజ్జం నుండి మరొక బెజ్జానికి అల్లుకొంటుంది. ఇట్టి శిలలో పని నెమ్మదిగా సాగుతుంది గాని ఫలితాన్ని ముందుగా ఊహించవచ్చును.

ఈ గ్రానైటులోనే భూతలానికి ఇంచుమించు సమాంతరంగా పొరల సంధులు ఉంటాయి. పైనున్న బరువు యుగాల తరబడి కొట్టుకొనిపోగా, లోపలి రాయి పైకి సాగి ఉల్లిపొరలవలె విడివడుట చేత అవి ఏర్పడినవి. బెజ్జం అడుగు అటువంటి పొరసంధికి కొంచెం పైన ఆగితే అడుగు చదునుగా లేచి వస్తుంది. సంధిని దాటి బెజ్జం దిగితే వాయువు దానిగుండా ప్రక్కలకు జారిపోతుంది. ఒక అడుగు లోతు తేడాలో పని చక్కబడుటో చెడుటో జరుగుతుంది.

2. పొరల శిల

తాండూరు నాపరాయిని చూడని తెలంగాణ విద్యార్థి ఉండడు. మన ఇళ్ళ గచ్చు అదే. ఆ రాయి పొరలు పొరలుగా లేస్తుంది గనుకనే గచ్చుకు పనికివచ్చినది. ఇటువంటి చదునైన పొరలలో నిలువు బెజ్జం వేస్తే అది అనేక పొరల మధ్యనున్న బలహీన తలాలను దాటుతుంది. గొట్టపు రంధ్రాలు సరిగా ఆ తలానికి ఎదురుగా వస్తే వాయువు అడ్డంగా పరచుకొని పైపొరను పలకవలె ఎత్తివేస్తుంది; క్రింది మందపాటి పొర చెక్కుచెదరదు. కనుక రంధ్రాలు మందమైన గట్టి పొర నడుమ ఉండునట్లు గొట్టాన్ని దించవలెను. గట్టి పొర, మెత్తని పొర ఒకదాని తరువాత ఒకటి వచ్చేచోట మెత్తని పొర వాయుశక్తిని మ్రింగివేస్తుంది. బొగ్గు గనులలో ఈ విధానం రాణించడానికి ఒక కారణం బొగ్గులోనే సహజమైన నిలువు చీలికలు దట్టంగా ఉండుట. అక్కడ బొగ్గును పిండి చేయనవసరం లేదు, విడదీస్తే చాలును.

3. సంధులు దట్టంగా ఉన్న శిల

అన్నిటికంటె చిక్కైనది ఇదే. సంధులు వాయువుకు మిత్రులా, శత్రువులా అన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. మూసుకొని బిగువుగా ఉన్న సంధి మిత్రమే. దానిలో రాతికి లాగుడుబలం లేదు కనుక వాయువు అక్కడే సులభంగా తెరుస్తుంది; తక్కువ శ్రమతో దిమ్మెలు విడివడతాయి. నోరు తెరచుకొన్న సంధి శత్రువు. వాయువు దాని వెంట పైకో ప్రక్కకో తప్పించుకొంటుంది. అంతేకాక, కొత్తగా పుట్టిన పగులు ఆ ఖాళీని చేరినంతనే ఆగిపోతుంది; లాగుడు ఖాళీని దాటలేదు. సంధికి ఇవతలి రాయి విరుగుతుంది, అవతలి రాయి యథాతథంగా నిలుస్తుంది.

సంధిలో బంకమట్టి నిండి ఉంటే అది కొంతవరకు వాయువును ఆపుతుంది గాని మెత్తగా ఉండి దెబ్బను పీల్చుకొంటుంది. సంధుల మధ్య దూరం కూడ ముఖ్యమే. బెజ్జాల మధ్య దూరం కంటె సంధుల మధ్య దూరం తక్కువయితే, విరిగిన ముక్కల పరిమాణాన్ని నిర్ణయించేది మన బెజ్జాలు కావు, ఆ సంధులే. సంధుల మధ్య దూరం మరీ ఎక్కువయితే కొన్ని దిమ్మెలకు బెజ్జమే తగులదు; అవి పెద్ద పెద్ద గుండ్లుగా మిగిలి, తరువాత యంత్రపు సుత్తెతో మరల పగులగొట్టవలసి వస్తుంది.

వికారాబాదు ప్రాంతంలోని దక్కను నల్లరాయి వంటి లావాశిలలలో కొన్నిచోట్ల చల్లారునపుడు ఏర్పడిన నిలువు సంధులు స్తంభాలవలె నిలుస్తాయి. నిలువు బెజ్జంలోని వాయువు అటువంటి నిలువు సంధిని కలిస్తే సూటిగా ఆకాశానికే పోతుంది. అక్కడ బెజ్జాన్ని ఏటవాలుగా వేయుట మేలు.

4. పత్రకీకరణం గల శిల

నైసు, షిస్టు వంటి రూపాంతర శిలలు అన్ని దిక్కులా ఒకే బలం కలవి కావు. ఆకుల బారు వెంబడి విడదీయడానికి కావలసిన లాగుడు, అడ్డంగా తెంపడానికి కావలసిన దానిలో సగానికి కూడ పడిపోవచ్చును. కట్టెను నిలువున చీల్చుట, అడ్డంగా విరుచుట మధ్యనున్న భేదం వంటిది ఇది. బెజ్జాల వరుస ఈ బారునకు సమాంతరంగా ఉంటే పగులు నేరుగా బెజ్జం నుండి బెజ్జానికి పోతుంది. అడ్డంగా ఉంటే పగులు ప్రతి అడుగులోను ప్రక్కకు తిరగడానికి చూస్తుంది. తెగిన ముఖం మెట్లు మెట్లుగా తయారవుతుంది.

5. శిథిలమైన శిల

మన గుట్టలమీద ఒకదానిపై ఒకటి నిలిచిన గుండ్లను చూచి బాటసారులు ఆశ్చర్యపడతారు. వాటిని ఎవరును ఎత్తి పెట్టలేదు. మూడు దిక్కుల సంధులతో దిమ్మెలుగా చీలిన గ్రానైటులో నీరు ఆ సంధుల వెంట దిగి, అంచులను కొరికి మొరంగా మార్చగా, నడుమ గట్టిగా మిగిలిన గుండ్లే అవి. భూమిలోపల కూడ ఇట్టి గుండ్లు మొరంలో పొదుగబడి ఉంటాయి. పునాది త్రవ్వేవారికి ఇది పెద్ద మోసం. గుండులో వేసిన బెజ్జం గట్టి బండలో వేసినట్లే తోచును; వాయువు గుండును పగులగొట్టక చుట్టునున్న మెత్తని మొరంలోనికి దానిని త్రోసివేస్తుంది, లేదా తానే మొరంలోనికి ఇంకిపోతుంది. మొరంలో గొట్టం వాడుట వ్యర్థం; అక్కడ గడ్డపార, యంత్రపు తొట్టి చాలును.

వాలు యొక్క ప్రభావం

పొరలు, సంధులు ఏ వైపునకు వాలి ఉన్నవో చూడకుండ పని మొదలుపెట్టరాదు. అవి ఖాళీ ముఖం వైపునకు, అనగా గుంటలోనికి వాలి ఉంటే విరిగిన రాయి సులభంగా జారి వస్తుంది, అడుగు చక్కగా తెగుతుంది. కాని వెనుకనున్న రాయి కూడ అదే వాలున జారుటకు సిద్ధంగా ఉంటుంది. గుంట అంచున ఇల్లుంటే ఆ ఇంటి పునాదే కదలవచ్చును. దీనికి విరుద్ధంగా, సంధులు ముఖం నుండి లోపలికి వాలి ఉంటే వెనుక గోడ నిలుస్తుంది గాని అడుగున రాయి సరిగా తెగక బొడిపెలు మిగులుతాయి. పైన చూరువలె రాయి వ్రేలాడుతుంది. మొదటి సందర్భంలో గోడను కాపాడుకోవలెను. రెండవ సందర్భంలో అడుగు బెజ్జాలను దగ్గర చేయవలెను. లోతైన సొరంగాలలో దీనికి తోడు భూమి ఒత్తిడి చేరుతుంది. ఒత్తిడి ఎక్కువగా ఉన్న దిక్కుకు సమాంతరంగానే పగులు పోతుంది. తక్కువ ఒత్తిడి గల దిక్కునకే రాయి తెరచుకొంటుంది.

శిలను చదువుట ఎట్లు?

ఇంజనీర్లు దీనికి కొన్ని మార్గాలు ఏర్పరచుకొన్నారు. వజ్రపు కొన గల యంత్రంతో బండలోనుండి కడ్డీవంటి నమూనాను తీస్తారు. అందులో 10 సెంటీమీటర్లు, అంతకంటె పొడవైన ముక్కల మొత్తాన్ని త్రవ్విన పొడవుతో భాగించి నూటికి లెక్కగడతారు. అమెరికా శాస్త్రజ్ఞుడు డాన్ డీర్ 1960లలో ప్రతిపాదించిన ఈ కొలతలో 90కి పైబడితే శ్రేష్ఠమైన శిల, 25కు లోబడితే మిక్కిలి నాసి శిల. ఒక ఉదాహరణ చూడుడు. 2 మీటర్ల నమూనాలో అట్టి ముక్కల మొత్తం 150 సెంటీమీటర్లయితే కొలత 75. వాయువిధానం అనుకొనేవారికి ఈ సంఖ్య పూర్తిగా చాలదు. ఒకే సంఖ్య గల రెండు బండలలో ఒకదాని సంధులు మూసుకొని, మరొకదాని సంధులు తెరచుకొని ఉండవచ్చును. కనుక సంధుల దిక్కు, వాలు, వెడల్పు, వాటిలో నిండిన పదార్థం, నీటి ఊట — ఇవన్నియు గుంటలో దిగి కంటితో చూచి వ్రాసికొనవలెను.

ఆ పిమ్మట ఒకటి రెండు బెజ్జాలతో పరీక్ష చేసి, పగులు ఏ దిక్కుకు పోయినదో చూచి, వరుసను మార్చుకొనవలెను. మా ఊరి పెద్ద నీళ్ళు పోసి చూచినది సంధుల పటమే. సుత్తెతో తట్టి విన్నది శిల గట్టిదనమే. కంగుమను చోట రాయి నిండుగా ఉన్నది, బొదబొదమను చోట లోపల విడివడి ఉన్నది. ఆయన వద్ద లేనిది కాగితం, కొలబద్ద మాత్రమే.

అపాయాలు

మంట లేదు కనుక ఈ విధానం నిరపాయమని కొందరు తలుస్తారు. అది పొరపాటు. మొదటి అపాయం గొట్టమే. వాయువు తెరచిన సంధిగుండా ఒక ప్రక్కకు పోయినపుడు, లేక బెజ్జం పైభాగాన్ని బిగువుగా కూరనపుడు, బరువైన ఉక్కు గొట్టం ఫిరంగిగుండువలె పైకి లేస్తుంది. ఇనుప గొలుసులతో కట్టి ఉంచుట, మనుషులను దూరంగా పంపుట తప్పనిసరి.

రెండవ అపాయం కంటికి కనిపించదు. కార్బన్ డయాక్సైడ్ గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువు. అది లోతైన గుంటల అడుగున నిలుస్తుంది. రంగు లేదు, వాసన తెలియదు. గాలిలో నూటికి 4 వంతులుంటే ప్రమాదం. 10 వంతులయితే మనిషి త్వరలోనే స్పృహ తప్పును. కామెరూన్ దేశంలో 1986 ఆగస్టు 21వ తేదీ రాత్రి నియోస్ సరస్సు నుండి వెలువడిన ఈ వాయువు లోయలలోనికి దిగి సుమారు 1,700 మందిని నిద్రలోనే బలిగొన్నది. త్రవ్వకపు గొట్టాలలోని వాయువు దానితో పోల్చదగినంత కాదు. కాని ఇరుకైన బావికి, గాలి ఆడని సొరంగానికి ఆ కొద్దిపాటి వాయువే చాలును. పైగా నెర్రలలోనికి ఇంకిన వాయువు కొంతసేపటికి నెమ్మదిగా ఊరి వస్తుంది. గాలి పెట్టి, కొలిచి, ఆ తరువాతనే మనిషిని దించవలెను.

మూడవది అదురు. భారతదేశపు గనుల భద్రతా డైరెక్టరు జనరల్ కార్యాలయం 1997లో ఇచ్చిన సర్క్యులరు ప్రకారం గనుల ప్రేలుళ్ళ వలన సాధారణ గృహాల వద్ద నేల కదలిక, నిదానమైన అదురులలో, సెకనుకు 5 మిల్లీమీటర్లు మించరాదు. చారిత్రక కట్టడాల వద్ద 2 మిల్లీమీటర్లే. గోలకొండ గోడలలో కొన్నిచోట్ల సహజమైన బండనే గోడగా కలుపుకొని కట్టారు. అటువంటి కట్టడాల చెంత త్రవ్వవలసి వచ్చినపుడు అదురు తక్కువగల వాయువిధానం వైపు చూచుట సహజమే. అయితే సంధి వెంట జారే రాయికి అదురు అవసరం లేదని ముందే చెప్పితిని. అదురు తగ్గినంత మాత్రాన ప్రక్క ఇల్లు క్షేమమని నమ్మరాదు.

ముగింపు

ప్రేలుడు పదార్థం స్థానంలో వాయువు వచ్చినందున పనివాని ప్రాణానికి కొన్ని గండాలు తప్పినవి. కాని ఆ యంత్రం బండను చదివే భారాన్ని మానవుని మీదనుండి తొలగించలేదు. ఆ భారాన్ని మరింత పెంచినది. గొట్టం కొనుగోలు చేయవచ్చును. సంధిని గుర్తించే కన్ను కొనుగోలు చేయలేము, దానిని నేర్చుకొనవలెను.

మన విద్యార్థులలో ఉర్దూ మాధ్యమంలో చదివేవారును, తెలుగు మాధ్యమంలో చదివేవారును ఉన్నారు. బండను గూర్చిన శాస్త్రపదాలు ఉభయభాషలలో పుస్తకాలలో ఒకటిగాను, పనివారి నోట మరొకటిగాను ఉన్నవి. సంధి అన్నను, నెర్ర అన్నను ఒకటేనని తెలిసినవాడు పుస్తకానికి, గుంటకు మధ్య వారధి కాగలడు. మన కళాశాల పాలకవర్గం వారికి ఒక మనవి. గ్రానైటు, నాపరాయి, నల్లరాయి, ఇసుకరాయి, బొగ్గు నమూనాలను, వాటి పేర్లు ఉర్దూ తెలుగులలో వ్రాసి, ఒక అలమరలో ఉంచుటకు పెద్ద ఖర్చు కాదు. సంవత్సరానికొకసారి విద్యార్థులను సమీపపు గుట్టకు తీసికొనిపోయి, ఒక బిందె నీళ్ళు బండమీద పోయించి, ఆరిన తరువాత మిగిలే తడి గీతలను కాగితంమీద గీయించిన చాలును.

మా తాతగారి బావిలో నేటికిని నీరున్నది. దాని గోడలో ఆనాటి బెజ్జాల సగభాగాలు, చీల్చిన వెదురుబద్దల వలె, నేటికిని కనిపిస్తాయి. రెండును నెర్రకు మూరెడు దూరంలో ఉన్నవి. రెండవ బావి సగంలోనే ఆగిపోయినది. కన్ను పోయిన ఆ యువకుడు నేడు నడివయస్సు దాటినవాడు. ఊరికి పోయినప్పుడెల్ల ఆయనను కలుస్తూనే ఉంటాను. ఆనాడు ఎవరైనను రెండు కడవల నీళ్ళు పోసి ఒక గంట ఆగి ఉంటే ఆయన కన్ను దక్కేది.